ఆకు కదలని పూట కూడా ఆగని పడవ: హార్వీ గీసిన పిట్స్‌ఫర్డ్ కాలువను ఎలా చూడాలి

మీరు అడిగింది ఇదీ. న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న రోచెస్టర్‌లోని మెమోరియల్ ఆర్ట్ గ్యాలరీకి పిల్లల్ని తీసుకెళ్లారు. జార్జ్ హార్వీ 1837లో వేసిన, పిట్స్‌ఫర్డ్ అనే ఊరి కాలువ చిత్రం ముందు గైడ్ చాలాసేపు నిలబెట్టేశారు. "కాలువ, పడవ, ఊరు. చూడ్డానికి హాయిగానే ఉంది. కానీ అంతసేపు చూడాల్సింది ఇందులో ఏముంది? మా పాపికొండల ఫోటో అంత కూడా లేదు" అన్నారు.

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నేను ఈ వైపు వచ్చి ఇరవై రెండేళ్లయింది. అందులో పదకొండేళ్లు శనివారాల్లో ఒక మ్యూజియంలో జనానికి బొమ్మలు చూపించే పని చేశాను, జీతం లేని పని. కాలువ బొమ్మ దగ్గర జనం ఆగేది పది సెకన్లు. జలపాతం బొమ్మ దగ్గర రెండు నిమిషాలు ఆగుతారు. జలపాతం తన గొప్ప తానే చెప్పుకుంటుంది. కాలువ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. కాస్త పెద్ద సమాధానమే అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు పేరు దగ్గర ఆగండి. ఆ చిత్రం పేరులో పిట్స్‌ఫర్డ్, ఎరీ కెనాల్ తర్వాత "ఎ సల్ట్రీ కామ్", అంటే గాలాడని ఉక్కపూట, అని ఉంటుంది. మన ఇళ్లలో మే నెల మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చుని "ఆకు కదలట్లేదు" అంటామే, సరిగ్గా ఆ పూట. ఊరి బొమ్మకి ఊరి పేరు చాలు కదా, ఉక్క సంగతి ఎందుకు?

ఎందుకంటే హార్వీ పిచ్చి అదే. ఇంగ్లండ్‌లో 1800లో పుట్టి, ఇరవయ్యేళ్ల వయసులో అమెరికా వచ్చాడు. అరచేతిలో ఇమిడే చిన్న చిన్న మినియేచర్ రూపచిత్రాలు గీసి పేరు తెచ్చుకున్నాడు. కళ్లు, ఒళ్లు అలిసిపోయే పని అది. ఆరోగ్యం కోసం హడ్సన్ నది ఒడ్డున హేస్టింగ్స్‌లో స్థలం కొనుక్కుని ఆరుబయట తిరగడం మొదలుపెట్టాడు. అప్పుడు గాలి, వెలుగు, మంచు, ఉక్క అతని కంట్లో పడ్డాయి. దగ్గర్లోనే ఉండే రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ తన సన్నీసైడ్ ఇంటిని 1835లో మార్చి కట్టుకున్నప్పుడు తోడ్పడింది కూడా ఇతనే. తర్వాత నలభై చిత్రాల వరసొకటి తలపెట్టాడు. ఏ ఋతువులో, రోజులో ఏ వేళప్పుడు ఈ దేశపు ఆకాశం ఎలా ఉంటుందో చెప్పే వరస. అందులో మొదటి విడత 1841లో లండన్‌లో అచ్చయింది. ముఖం మీద ముడతల్ని సన్నని కుంచెతో పొడిచి పొడిచి గీసిన చెయ్యి అది. అదే చెయ్యి ఆకాశం మీదికి మళ్లింది. కాబట్టి అతను పేరులోనే వాతావరణం చెప్పాడంటే ఊరికే చెప్పలేదు.

ఇప్పుడు నాకు చాలా ఏళ్లు తట్టని సంగతి ఒకటి చెబుతాను. హార్వీ ఇంటి ముందు హడ్సన్ నది. ఆ నది మీద ఆవిరి పడవలు వచ్చినా, సరుకు మోసే తెరచాప పడవలు ఇంకా వందల్లో తిరిగేవి. గాలి పడిపోతే తెరచాప పడవ ఉన్నచోటే నిలిచిపోతుంది. నదికి, సముద్రానికి సంబంధించినంతవరకు "కామ్" అంటే పని ఆగిపోవడం, సరంగు దిగులుగా ఆకాశం వంక చూడటం. మరి అదే ఆకు కదలని పూట కాలువ మీద ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. గట్టు మీద గుర్రాలు నడుస్తాయి, తాడు లాగుతుంది, పడవ వెళ్తుంది. గాలి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నీళ్లు అద్దంలా నిలిచి ఉండగానే వ్యాపారం సాగిపోతుంది. 1837లో ఆ బొమ్మ చూసిన న్యూయార్క్ మనిషికి ఇది చెప్పక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది. మనకి చెప్పాలి. ఆ బొమ్మలో ఊరి సంపద ఎక్కడుందని అడిగితే నేను ఇళ్లు చూపించను, ఆ కదలని నీళ్లు చూపిస్తాను.

ఆ నీళ్లు దేవుడిచ్చినవి కావు. కొలిచి పెట్టినవి. పైన 40 అడుగుల వెడల్పు, అడుగున 28, లోతు 4 అడుగులు, అంటే మనిషి రొమ్ము దాకా. హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఆల్బనీ నుంచి ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫలో దాకా 363 మైళ్లు ఇదే కొలత. 1817 జూలై 4న రోమ్ అనే ఊరి దగ్గర మొదటి గడ్డపార పడింది, 1825 అక్టోబర్‌లో మొత్తం పూర్తయింది. హడ్సన్ మట్టం నుంచి ఎరీ సరస్సు మట్టానికి ఐదు వందల అరవై అడుగులకు పైగా ఎక్కాలి. దానికి 83 లాకులు. మా గోదావరి జిల్లాల వాళ్లకి లాకులంటే ఏమిటో వివరించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గరో విజ్జేశ్వరం దగ్గరో తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవని మెట్టు ఎక్కించడం తాతల నాటి నుంచి చూస్తున్నదే. మా తాతగారు కాకినాడ కాలువలో పడవ మీద పెళ్లికి వెళ్లిన మనిషి, తాడు భుజాన వేసుకుని గట్టు మీద మనుషులే లాగేవారని చెప్పేవారు. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇక్కడి కాలువ దానికంటే పాతికేళ్లకు పైగా ముందుది. ఇక్కడ మనుషుల బదులు గుర్రాలు, కంచర గాడిదలు లాగేవి. అంతే తేడా.

దీన్ని కట్టినవాళ్లలో ఒక్కడు కూడా కాలేజీలో ఇంజనీరింగ్ చదివినవాడు కాదు. బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డెస్ భూములు కొలిచేవాళ్లు, స్థానిక కోర్టుల్లో జడ్జీలు. కాన్వస్ వైట్ అనే కుర్రవాడు ఇంగ్లండ్ వెళ్లి అక్కడి కాలువలు కాలినడకన తిరిగి చూసొచ్చాడు. నీళ్లలో గట్టిపడే సున్నం కోసం విదేశాల మీద ఆధారపడాల్సి వస్తుందనుకుంటుంటే, చిటినాంగో దగ్గర దొరికిన రాయిని కాల్చి పొడి చేస్తే అదే సున్నం వస్తుందని తేలింది. లాకుల గోడలన్నీ దాంతోనే నిలిచాయి.

పిట్స్‌ఫర్డ్ విషయానికొస్తే, ఆ ఊరి పక్కనే ఈ కాలువ మొత్తంలోకి సాహసమైన పనుల్లో ఒకటి ఉంది. ఐరన్‌డిక్వాయిట్ వాగు లోయ అడ్డొచ్చింది. దిగి ఎక్కాలంటే లాకుల మీద లాకులు కట్టాలి. వాళ్లు లోయకి అడ్డంగా దాదాపు మైలు పొడవున, డెబ్బై అడుగుల ఎత్తున మట్టికట్ట పోసి, ఆ కట్ట నెత్తిన కాలువ పారించారు. కోనసీమలో గన్నవరం అక్విడక్ట్ మీద నిలబడి కింద వైనతేయ నదీపాయని, పైన కాలువని ఒకేసారి చూసినవాళ్లకి ఆ అనుభూతి తెలుసు. పడవలో కూర్చున్న మనిషికి చెట్ల కొనలు తన కాళ్ల కింద కనిపించేవి. ఆ కట్ట తెగిందంటే లోయలో ఉన్నవాళ్ల గతి అంతే. ఒక మస్క్‌రాట్, అంటే పందికొక్కు లాంటి నీటి జంతువు, గట్టులో బొరియ చేస్తే చాలు. అందుకే గట్లు నడిచి చూసే కాపలాదారుల్ని పెట్టారు. అందుకే గంటకి నాలుగు మైళ్లకు మించి పడవ పోకూడదని నిబంధన పెట్టారు. వేగం పెరిగితే అల లేస్తుంది, అల గట్టుని కోస్తుంది. బొమ్మలో నీళ్లు నునుపుగా ఉండటానికి గాలి లేకపోవడం ఒక కారణం, ఈ నిబంధన ఇంకో కారణం.

తాడు గురించి కూడా చెప్పాలి. పిల్లలకి బాగా నచ్చేది ఇదే. గుర్రాలు నడిచే బాట కాలువకి ఒకవైపే ఉంటుంది. ఎదురుబొదురుగా రెండు పడవలొస్తే? రెండు తాళ్లూ చిక్కుపడాలి కదా. ఒక పడవవాడు తన గుర్రాల్ని ఆపుతాడు. బిగుసుకున్న తాడు వదులై, నీళ్లలో మునిగి అడుక్కి పోతుంది. రెండో పడవ ఆ మునిగిన తాడు మీదుగా తేలుతూ వెళ్లిపోతుంది, దాని గుర్రాలు నేల మీద పడున్న తాడుని దాటేస్తాయి. తర్వాత మొదటి గుర్రాలు మళ్లీ నడక మొదలుపెడితే తాడు నీళ్లోడుతూ పైకి లేస్తుంది. రోజుకి ఎన్నోసార్లు, చీకట్లో కూడా. గుర్రాల వెంట నడిచేది చాలాచోట్ల పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. ఇకమీదట ఏ కాలువ బొమ్మ చూసినా ముందు తాడు వెతకండి. బిగిసి ఉందా, వంగి నీళ్లని తాకుతోందా? చిత్రకారుడు నిజంగా గట్టు మీద నిలబడి చూశాడా, లేక ఇంట్లో కూర్చుని ఊహించాడా అన్నది తాడు చెప్పేస్తుంది.

ఇంత చేస్తే ఏమొచ్చింది? బఫలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు బండి మీద పంపాలంటే అంతకుముందు సుమారు 100 డాలర్లు. కాలువ వచ్చాక సుమారు 10. రోచెస్టర్ వైపు ఉన్న జెనెసీ లోయ గోధుమలకి అప్పటిదాకా దారి లేదు. దారి దొరగ్గానే పిండి మరలు లేచాయి. రోచెస్టర్ జనాభా 1820లో 1,502, 1830లో 9,207, 1840లో 20,191. ఇరవయ్యేళ్లలో పల్లె నగరమైంది. పిట్స్‌ఫర్డ్ వరకు 1822లో నీళ్లొచ్చాయి, 1827కల్లా అది చట్టప్రకారం విలేజ్ హోదా పొందింది. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చూడండి: ఫెయిర్‌పోర్ట్, బ్రాక్‌పోర్ట్, స్పెన్సర్‌పోర్ట్, మిడిల్‌పోర్ట్, గ్యాస్‌పోర్ట్, లాక్‌పోర్ట్. సముద్రం వందల మైళ్ల అవతల. అయినా ప్రతి ఊరూ తనని తాను రేవు అని పిలుచుకుంది. ఆ పేర్లలో ఉన్న సంబరమే హార్వీ బొమ్మలోనూ ఉంది, కాకపోతే అతను గొంతు తగ్గించి చెప్పాడు.

ఇక 1837. మీరు బహుశా ఈ సంవత్సరాన్ని పట్టించుకుని ఉండరు. ఆ మే నెలలో న్యూయార్క్ బ్యాంకులు నోటుకి బదులు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. దేశమంతా దివాలాలు, ఏళ్ల తరబడి మాంద్యం. హార్వీ ఆ సంక్షోభం గురించే గీశాడని నేను అనను, అలా లాగి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ తేదీ తెలిశాక ఆ ప్రశాంతత ఇంకొకలా కనబడుతుంది. పైగా ఆ సమయానికి ఈ నలభై అడుగుల కాలువ చాలడం లేదు. పడవల రద్దీకి తట్టుకోలేక 1836 నుంచే దాన్ని 70 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు చేసే పని మొదలైంది. ఆ పని ముగిసేసరికి 1862. అంటే హార్వీ పట్టుకున్నది అప్పటికే పోతున్న కాలువని. ఊరి నడుమ అందంగా ఒదిగిన ఆ సన్నని కొలత తర్వాత తరం చూడలేదు.

బొమ్మలో లేనివి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఆ నేల అక్కడి ఆదివాసులైన సెనెకా ప్రజలది. 1779లో అమెరికా సేనాని సలివన్ సైన్యం వాళ్ల ఊళ్లు, మొక్కజొన్న చేలు, పళ్లతోటలు తగలబెట్టింది. ఆ తర్వాతే ఈ భూములు ప్లాట్లుగా అమ్ముడయ్యాయి. బొమ్మ వేసిన మరుసటి ఏడాదే, 1838లో, బఫలో క్రీక్ ఒప్పందం పేరుతో వాళ్లకి మిగిలిన నేల కూడా లాక్కోబోయారు. కాలువ తవ్విన కూలీలూ బొమ్మలో లేరు. కాలువ దారిలోని మాంటెజుమా బురద నేలల్లో 1819లో వందల మంది జ్వరాలతో పడిపోయారు, వాళ్లలో ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. 1832లో కలరా ఇదే నీటి దారి వెంట, ఇవే పడవల్లో ఊరూరా దిగింది. చలికాలం కూడా లేదు. డిసెంబర్ నుంచి వసంతం దాకా నీళ్లు వదిలేసి, కాలువని ఎండగట్టేవారు. ఆ నాలుగు నెలలూ ఊళ్లో పడవ పనివాళ్లకి పూట గడవడమే కష్టం. సుభిక్షమైన ఊరి బొమ్మ అంటే సంవత్సరంలో మంచి పూటని ఎంచుకుని గీసింది అని మనసులో పెట్టుకోవాలి. మన పెళ్లి ఆల్బమ్ కూడా అంతేగా, అప్పులవాడు అందులో ఉండడు.

ఇది ఒంటరిగా చూడకండి. ఫోన్‌లో పక్కన ఇంకో రెండు తెరిచి పెట్టుకోండి. మొదటిది థామస్ కోల్ 1836లో వేసిన "ఆక్స్‌బో", న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎడమవైపు తుఫాను, విరిగిన చెట్టు, అడవి. కుడివైపు ఎండ, చక్కగా చదును చేసిన పొలాలు, మెలి తిరిగిన నది. అడవికీ పొలానికీ మధ్య గీత గీసి, ఏది కావాలో నువ్వే చెప్పు అని దేశాన్ని అడుగుతున్నట్టుంటుంది. హార్వీది ఒక్క ఏడాది తేడా, కానీ అతని లోకంలో ఆ ప్రశ్న తేలిపోయింది. నీళ్లు కూడా మనిషి చెప్పినట్టు పడుకున్నాయి.

రెండోది నాకు ప్రాణం. జార్జ్ ఇన్నెస్ వేసిన "లాకవానా వ్యాలీ", సుమారు 1856, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇన్నెస్ పుట్టింది 1825లో, ఎరీ కాలువ పూర్తయిన ఏడాదే. పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ ఊరు, బొగ్గు, రైలు. బొమ్మ రైలు కంపెనీ డబ్బిచ్చి వేయించుకున్నది. 75 డాలర్లు ఇచ్చారని చెబుతారు. దూరం నుంచి చూస్తే పొగమంచు కొండలు, చర్చి గోపురం, తెల్లటి ఆవిరి వదులుతూ వచ్చే బుల్లి రైలు, రైలింజన్ల గుండ్రటి షెడ్డు, అంతా శాంతం. పచ్చికలో టోపీ పెట్టుకున్న కుర్రవాడొకడు మనకి వీపు పెట్టి ఒరిగి పడుకుని ఊరి వంక చూస్తుంటాడు. ఇప్పుడు దగ్గరికి రండి. ఆ కుర్రవాడి చుట్టూ, కొండవాలంతా, నరికిన చెట్ల మొదళ్లు. ఒకటీ రెండూ కాదు, కంకులు కోసేసిన జొన్నచేను మోళ్లలా వరసగా. ఎడమపక్కన ఒకే ఒక్క పొడుగాటి చెట్టు మిగిలి ఉంటుంది. ఇన్నెస్ ఆ మొదళ్లని ఏడుస్తూ గీశాడా, లెక్కకోసం గీశాడా అని వందేళ్లుగా తగువు నడుస్తోంది. నా మటుకు నాకు ఆ కుర్రవాడి వీపే సమాధానం. అతను దేన్ని చూస్తున్నాడో కనిపిస్తుంది, ఏమనుకుంటున్నాడో కనిపించదు. ఆ బొమ్మ తర్వాత ఎప్పుడో మెక్సికో సిటీలో పాత సామాన్ల కొట్లో ఇన్నెస్ కంటికే పడితే, తనే కొనుక్కున్నాడు.

ఈ రెండింటి మధ్య హార్వీని పెడితే అతని చోటు తెలుస్తుంది. అడవి భయం పోయింది, యంత్రం పొగ ఇంకా రాలేదు. గుర్రం నడిచే వేగంతో డబ్బొచ్చిన కొద్ది ఏళ్లు అవి. రైళ్లు అప్పటికే మొదలయ్యాయి. 1853కల్లా ఆల్బనీ నుంచి బఫలో దాకా ఒకే కంపెనీ కిందకి వచ్చేశాయి. కాలువ ఇంకా చాలా ఏళ్లు సరుకు మోసింది గానీ, ఊళ్లు పుట్టించే రోజులు దానికి అవే.

ఇంట్లో పెట్టుకోవడానికి ఇలాంటి పాత బొమ్మ దొరుకుతుందా అని కూడా అడిగారు. పాత పుస్తకాల కొట్లలో ఎక్కువగా కనిపించేది విలియం బార్ట్‌లెట్ గీసిన లాక్‌పోర్ట్ దృశ్యం. కొండ అంచున ఒకదాని మీద ఒకటిగా ఐదు లాకులు, పైకి ఒక వరస, కిందికి ఒక వరస. 1840లో లండన్‌లో వచ్చిన పుస్తకం కోసం ఉక్కు పలకల మీద చెక్కినవి అవి. అసలు నలుపు తెలుపే. రంగులున్నాయంటే చాలావరకు తర్వాత ఎవరో పుస్తకం విప్పి, ఒక్కో పేజీ చేత్తో రంగు వేసి అమ్మినవే. రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. నా స్నేహితుడొకడు ఒక కొట్లో "అసలు రంగులు" అని చెబితే నమ్మి నాలుగింతలు ఇచ్చాడు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే నీలం రంగు గీతల్ని దాటి కాగితం అంచు దాకా పాకి ఉంది.

మళ్లీ వెళ్తే ఇలా చేయండి. పిల్లల్ని ముందు పది అడుగుల దూరంలో నిలబెట్టి "గాలి ఎటు వీస్తోంది?" అని అడగండి. వెతికి వెతికి "వీయట్లేదు" అంటారు. "మరి పడవ ఎలా వెళ్తోంది?" అని అడగండి. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు, వాళ్లే దగ్గరికి పరిగెత్తి చూస్తారు. గ్యాలరీలో గీతకి ఇవతలే ఆపడం మాత్రం మీ బాధ్యత.

అక్కడి నుంచి కారులో పావుగంట, ఇరవై నిమిషాలు వెళ్తే పిట్స్‌ఫర్డే. 1918లో మొత్తం కాలువని పెద్దది చేసి తిరిగి తెరిచినప్పుడు చాలాచోట్ల దారి మార్చారు గానీ, ఈ ఊళ్లో నీళ్లు ఇంకా ఊరి నడుమే ఉన్నాయి. గుర్రాలు నడిచిన గట్టు మీద ఇప్పుడు సైకిళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు. ఎండాకాలం సాయంత్రం వెళ్తే హార్వీ అద్దం కనిపిస్తుంది. కానీ నా మాట విని ఇంకోసారి నవంబర్ దాటాక కూడా తీసుకెళ్లండి. చలికాలానికి ఈ పడమటి వైపు ఇప్పటికీ నీళ్లు దించేస్తారు. గట్టు మీద నిలబడి కిందికి చూస్తే బురద, రాళ్లు, మధ్యలో సన్నగా మిగిలిన నీటి చాలు. మా పెద్దవాడు ఎనిమిదేళ్లప్పుడు అక్కడ నిలబడి చాలాసేపు చూసి, "నాన్నా, ఇది గుంటేనా?" అన్నాడు. అవునన్నాను.